పోయినేటి బియ్యం

మా కాలేజీలో మనుషులను పేరుతో పిలవరు, సబ్జెక్టుతో పిలుస్తారు. నేను సంస్కృతం మేడంను. నా స్నేహితురాలు లెక్కల మేడం. ఖమ్మంలో పొద్దున్నే ఒక తూఫాన్ జీపు లెక్చరర్లందరినీ ఎక్కించుకుని, కారేపల్లి మీదుగా, అడవి మొదలయ్యే చోట ఉన్న మా కాలేజీ దగ్గర దించుతుంది. కిరాయి అందరం కలిసి ఇస్తాం. మధ్య వరసలో కిటికీ పక్కన నేను, నన్ను ఆనుకుని లెక్కల మేడం. ఇది ఎవరూ చెప్పి చేసిన ఏర్పాటు కాదు. అయినా డ్రైవరు మారినప్పుడల్లా కొత్త డ్రైవరుకు కూడా రెండో రోజుకే తెలిసిపోయేది.

లెక్కల మేడంది మధిర వైపు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. బండి కదలగానే మొదలుపెట్టి కాలేజీ గేటు దాకా మాట్లాడుతుంది. నేను వింటాను, మధ్యలో పుల్ల విరిచినట్టు ఒక మాట అంటాను, ఆమె పడీ పడీ నవ్వుతుంది. నా మోకాలి నొప్పి సంగతి మా ఆయనకంటే ముందు ఆమెకే తెలుసు. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా మూత తీసేది కూడా ఆమే. మొదటి ముద్ద ఆమె తిని, ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పాక నేను మొదలుపెడతాను. ఆమె మీద నాకు హక్కు ఉందనే అనుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు.

పోయినేడు జూన్‌లో బాటనీ మేడం వచ్చింది. కారేపల్లి దగ్గర తండా అమ్మాయి. తండాలో లెక్చరర్ ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల అని బండిలో ఎవరో గొప్పగా చెప్పారు. కారేపల్లిలో బండి ఆగింది. సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. లోపల సందు లేదు.

"ఏందమ్మా అట్లా నిలబడ్డావు? ఇటు రా, సర్దుకుందాం" అంది లెక్కల మేడం.

ఆ సర్దుకోవడంలో సర్దుకున్నది నేనొక్కదాన్నే. కిటికీ ఊచ నా మోచేతిలో దిగింది. లెక్కల మేడం అటు తిరిగి కూర్చుంది. నీది ఏ తండా, మీ నాయన ఏం చేస్తాడు, జడకు ఏం నూనె రాస్తావు, ఇంత జుట్టు ఎట్లా వచ్చింది, అన్నీ ఆ రోజే అడిగేసింది. నాకు కనిపించింది ఆమె వీపు, జాకెట్టు వెనక ఉన్న హుక్కులు. కాలేజీ వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

రెండో వారానికల్లా ఆ పిల్ల లెక్కల మేడంను "అక్కా" అనడం మొదలుపెట్టింది. నన్ను మాత్రం "సీనియర్ మేడం" అంది. నేనూ, లెక్కల మేడమూ ఒకే వయసు వాళ్ళం. నిజానికి లెక్కల మేడం నాకంటే ముందే ఉద్యోగంలో చేరింది. ఆమె అక్క ఎట్లా అయింది, నేను సీనియర్ ఎట్లా అయ్యాను? జుట్టుకు రంగు వేసుకోకపోవడం వల్లనేమో అని ఆ రాత్రి అద్దంలో చూసుకున్నాను.

ఆ రోజుల్లో నేను ఆదివారాలు ఫోనులో ఒక ఆన్‌లైన్ క్లాసు వినేదాన్ని. పాత భాషల చుట్టరికాల మీద ఒక రిటైర్డు ప్రొఫెసరు చెప్పేవాడు. మా దగ్గర పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసం. శబ్దాలు బట్టీ కొట్టి, పరీక్ష రాసి, గేటు దాటకముందే మరిచిపోతారు. వాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు చేదెక్కి ఉంది. అందుకే ఈ క్లాసు నాకు పండుగలా ఉండేది.

ఒక ఆదివారం ఆయన ఒక విశేషణం గురించి చెప్పాడు. 'సెనోస్'. అర్థం, పాతది. ఈ మాటను పలకగా విన్నవాళ్ళు ఎవరూ లేరు, రాసిపెట్టిన వాళ్ళూ లేరు. సంస్కృతం, లాటిన్, గ్రీకు లాంటి భాషలన్నిటికీ మూలమైన ఒక భాష వేల ఏళ్ళ కింద ఉండేదని పండితులు లెక్క గట్టారు. ఆ భాషలో ఈ మాట ఉండి ఉంటుంది. ఉండి ఉంటుంది అనడమే తప్ప ఉందని ఒట్టు వేయలేరు. అందుకని మాట ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతారు. ఫొటో లేని ముత్తవ్వ ముక్కు ఎట్లా ఉండేదో మునిమనవల ముక్కులు చూసి చెప్పడం లాంటిదే ఇది.

ఆ మునిమనవల వరస ఆయన చెప్పుకుంటూ పోయాడు. వేదభాషలో 'సన'. మనం రోజూ వినే 'సనాతన' దీని ఇంటిదే. ఇరాన్ పాత భాషలో 'హన', ఆర్మేనియాలో 'హిన్', లిథువేనియాలో 'సేనస్', ఐర్లండ్‌లో 'షాన్'. లాటిన్‌లో 'సెనెక్స్' అంటే ముసలాయన. ముసలాయనలు కూర్చునే సభ కనుక సెనేట్. స్పెయిన్ వాళ్ళు మర్యాదగా అనే 'సెన్యోర్' కూడా ఇందులోదే. మన తెలుగు 'పాత'కు వీళ్ళతో చుట్టరికం లేదు. అది తమిళుల 'పళయ'తో పుట్టింది. చివరికి ఆయన నవ్వుతూ అన్నాడు, లాటిన్‌లో 'సీనియర్' అంటే 'ఇంకా ముసలి' అని.

ఇంకా ముసలి మేడం!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మామూలు మనిషి అంటే తెలియక అందని వదిలేసేదాన్ని. కానీ ఈ పిల్ల బాటనీ చెప్తుంది. ప్రతి మొక్కకూ లాటిన్ పేరు నోటికి వస్తుంది. తెలిసే అందేమో! సోమవారం బండి ఎక్కగానే అనుమానంగా దాని మొహం చూశాను. ఆ పిల్ల లెక్కల మేడంకు సీతాఫలం ఒలిచి పెడుతోంది. నాకూ ఒకటి ఇవ్వబోయింది.

"వద్దమ్మా, నాకు పడదు" అన్నాను.

సీతాఫలం నాకు ప్రాణం. ఆ సంగతి లెక్కల మేడంకు తెలుసు. అయినా ఆమె నా వైపు తిరగలేదు, గింజలు ఊసే పనిలో ఉంది.

తర్వాతి ఆదివారం ప్రొఫెసరు గ్రీకుల దగ్గరికి వచ్చాడు. అక్కడ ఈ మాట 'హెనోస్' అయింది. వాళ్ళు దీన్ని ముసలివాళ్ళకు వాడరట. పోయినేటి పంటను అంటారట. పోయినేడు అధికారంలో ఉండి ఈ ఏడు దిగిపోయినవాళ్ళను అంటారట. ముసలి వేరు, పోయినేటిది వేరు అన్నాడాయన. ఫోను పక్కన పెట్టేశాను. నాకు వచ్చింది వయసు జబ్బు కాదు. నిన్నటిదాకా నాది అనుకున్న కుర్చీలో ఈ రోజు ఇంకొకరు కూర్చున్నారు, అంతే. ఆ బాధకు గ్రీకుల దగ్గర ఒక మాట ఉంది. మన దగ్గర 'కుళ్ళు' ఉంది.

అవును, కుళ్ళే. ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

కార్తీకం వచ్చింది. మా స్టాఫ్ అందరం ఏటా ఈ నెలలో ఒక ఆదివారం భద్రాచలం పోయే దారిలో, ఒక వాగు పక్కన, ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పెట్టుకుంటాం. పులిహోర నాది. ఇది కూడా ఎవరూ అడగరు, నేను చెప్పను, చేసుకుని పోతాను. నా పులిహోరకు పేరుంది. అందులో నా చేతి గొప్ప కొంతే, మిగతాది బియ్యం గొప్ప. మా అత్తగారి వాళ్ళ పొలం వైరా చెరువు కింద ఉంది. కోసిన వడ్లను ఏడాది దాకా ముట్టరు. కొత్త బియ్యంలో జిగురు ఉంటుంది. ఏడాది నిలవుంటే అది దిగిపోయి, వండితే మెతుకుకు మెతుకు అంటదు. పులిహోరకు పోయినేటి బియ్యమే కావాలని మా వైపు పసిపిల్లను అడిగినా చెప్తుంది.

ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్తాను.

వనభోజనాలకు ముందు వారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర బాటనీ మేడం హాట్‌ప్యాక్ డబ్బా మూత తీసింది. వాళ్ళ చేను ముందే కోతకు వచ్చిందట, కొత్త బియ్యం అన్నం తెచ్చింది. ఆవిరితో పాటు ఆ వాసన గదంతా పరుచుకుంది. లెక్కల మేడం నా డబ్బా మూత తీయబోయి ఆగింది.

"అబ్బ, కొత్త బియ్యం అన్నం! ఎన్నేళ్ళయిందమ్మా తిని! ఈ వాసన ఉంటే కూర కూడా అక్కర్లేదు" అంటూ ఆ డబ్బా తన ముందుకు లాక్కుంది.

నా డబ్బా మూత నేనే తీసుకున్నాను. ఆ రోజు ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే వైరాలో ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను. వనభోజనాలకు బియ్యం పంపమన్నాను.

"పాతయి బస్తా అట్లనే ఉంది వదినా, రేపే పంపుత" అన్నాడు.

"పాతయి కాదు, కొత్తయి పంపు."

"కొత్తయా? మొన్ననే నైవేద్యానికని కొన్ని మర పట్టించినం. పులిహోరకేనా?"

"అవ్, పులిహోరకే."

"ముద్దయితది వదినా!"

"నాకు తెలవదా? నువ్వు పంపు."

ఫోన్ పెట్టేముందు వెనక నుంచి మా తోడికోడలు గొంతు వినిపించింది. "ఏందట? వదినకు పానం బాగలేదా?"

నీళ్ళు తగ్గించి పోస్తే సరిపోతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. పొద్దున్నే గిన్నె మూత తీస్తే వాసన మాత్రం అద్భుతంగా ఉంది. ఇదే కదా ఆమెకు కావలసింది అనుకుని అన్నం పళ్ళెంలో ఆరబోశాను. ఆరలేదు. ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చుంది. చింతపండు పులుసు, పోపు వేసి కలపబోతే గరిటె నిలువునా నిలబడింది. వేరే వండడానికి టైం లేదు. దాన్నే గిన్నెకెత్తి మూత బిగించాను.

ఉసిరిచెట్టు కింద చాపలు పరిచారు. నా గిన్నె మూత తీసింది లెక్కల మేడమే, ఎప్పటిలాగే. గరిటెతో ఒక మూల కోసి పైకెత్తింది. కేకు ముక్కలా లేచి వచ్చింది. వేరుశనగ పప్పులు పక్కల్లోంచి కనిపించాయి.

ఆమె నవ్వు మొదలైంది. వాగు అవతల బట్టలు ఉతుక్కునేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "ఏమ్మా, ఇది నువ్వే చేశావా? నిజం చెప్పు, మీ ఆయన చేశాడా?" అంది. అందరూ నవ్వారు. ఫిజిక్స్ సారు తనకు ఇటుక సైజు ముక్క చాలన్నాడు. బాటనీ మేడం నవ్వలేదు. ఆ నవ్వకపోవడం నాకు ఇంకా మండింది. తను జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల పచ్చడి తెచ్చింది. రొట్టెలు క్షణంలో అయిపోయాయి. లెక్కల మేడం రెండో రొట్టె కోసం ఆ పిల్ల ఆకులోంచే సగం తుంచుకుంది. నా ఆకులోంచి తుంచుకునే చెయ్యి అది.

తిరుగు ప్రయాణంలో నేను కిటికీకి అతుక్కుని కూర్చున్నాను. చాలా దూరం పోయాక ఆమె నా భుజం తట్టింది.

"ఏందే నీకు? ఇంట్లో పాత బియ్యం అయిపోయినయ్యా?"

"ఉన్నయ్."

"మరి?"

"నువ్వే అన్నవ్ కదా, కొత్త బియ్యం వాసన ఉంటే కూర కూడా అక్కర్లేదని."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇప్పుడు అర్థమవుతుంది అనుకున్నాను. అర్థం కావాలని కోరుకున్నాను, అర్థమైతే చచ్చిపోతాను అని కూడా అనుకున్నాను. "పిచ్చిదానా, అది వేడి వేడిగా తినడానికి! పులిహోరకు ఎవరన్నా పోస్తారా కొత్తయి?" అని మళ్ళీ నవ్వి, అటు తిరిగి, బాటనీ మేడంకు ఆ కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల అక్కడే కూర్చుని అంతా చూసింది కదా!

బయట మిరప చేలు పోతున్నాయి. వాటిని చూస్తుంటే నాకు సివిక్స్ మేడం గుర్తుకొచ్చింది. నేను ఈ కాలేజీలో చేరిన రోజుల్లో ఈ కిటికీ సీటు ఆమెది. నేను తలుపు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడితే, లెక్కల మేడం ఇదే గొంతుతో ఇదే మాట అంది. ఇటు రా, సర్దుకుందాం. నా ఊరు, నా సంబంధం, నా జడ, అన్నీ ఆ రోజే అడిగింది. సివిక్స్ మేడం మాత్రం ఎప్పుడూ చేల వైపు చూస్తూ కూర్చునేది. మాటకారి కాదు పాపం అనుకున్నాను. వ్యవసాయం అంటే ఇష్టమేమో అని కూడా అనుకున్నాను. రిటైరయ్యే రోజు నా చెయ్యి పట్టుకుని, "కిటికీ కాడ కూర్చో ఇగ. గాలొస్తది" అంది. ఆశీర్వాదం అనుకుని కాళ్ళకు దండం పెట్టాను. ఆ రోజు ఆమె ఎందుకు అదోలా నవ్విందో ఈ వనభోజనాల నుంచి తిరిగొస్తుంటే తెలిసింది.

అయినా తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా? తగ్గలేదు. పిల్లలకు పరీక్షలు వచ్చాయి, ఎండలు వచ్చాయి, సెలవులు వచ్చాయి. సెలవుల్లో లెక్కల మేడం నాకు ఫోన్ చేసినప్పుడల్లా, ముందు బాటనీ మేడంకు చేసి ఉంటుందా, తర్వాత చేస్తుందా అని ఆలోచించాను.

ఈ జూన్‌లో కాలేజీ తెరిచారు. ఖమ్మంలో బండి దగ్గర ఒక కొత్త మనిషి నిలబడి ఉంది. ఇంగ్లీష్ మేడం. బక్కపలచగా, కళ్ళజోడుతో, ఎవరిని ఏం అడగాలో తెలియక ఫోను చూసుకుంటోంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. లెక్కల మేడం ఎక్కింది, సర్దుకుంది, తల బయటికి పెట్టింది.

"ఏందమ్మా అట్లా నిలబడ్డావు? ఇటు రా!"

కారేపల్లి దాకా ఇంగ్లీష్ మేడం ఊరు, సంబంధం, కళ్ళజోడు నంబరు నడిచాయి. కారేపల్లిలో బాటనీ మేడం తలుపు తీసింది. చేతిలో ఏదో డబ్బా ఉంది, నవ్వు మొహంతో ఒక కాలు లోపల పెట్టింది. తన చోటులో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. నవ్వు అట్లాగే ఉంది కానీ కళ్ళలోంచి పోయింది.

"ఈ రోజుకు వెనక కూర్చోమ్మా, రేపటి నుంచి సర్దుకుందాం" అంది లెక్కల మేడం, ఇటు పూర్తిగా తిరగకుండానే.

నిజం చెప్తున్నాను, నాకు సంతోషమైంది. ఏడాదిగా కడుపులో ఉన్నది చల్లబడింది. ఆ పిల్ల వెనక తలుపు తీసుకుని అడ్డబెంచీ మీద కూర్చోవడం, డబ్బా ఒళ్ళో పెట్టుకోవడం, తల తిప్పుకుని చేల వైపు చూడటం, అన్నీ ఆత్రంగా చూశాను. చేల వైపు చూడటం దాకా వచ్చేసరికి నా సంతోషం ఆగిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. పోయినేడు అది నాది, నాకంటే ముందు సివిక్స్ మేడంది. ఆమె కంటే ముందు ఎవరిదో.

"బండి ఆపు" అన్నాను డ్రైవరుతో.

"ఏమైందే?" అంది లెక్కల మేడం.

"ఏం లేదు. నడుము పట్టేసింది, వెనక కూర్చుంట."

దిగి వెనక్కి పోయాను. నేను లేచిన చోట ఇంగ్లీష్ మేడం తన సంచి పెట్టుకుంది. లెక్కల మేడం ఆ సంచిని ఇంకాస్త కిటికీ వైపు జరిపి, సుఖంగా కూర్చుంది. ఇద్దరికీ ఇప్పుడు బోలెడు చోటు ఉంది.

బాటనీ మేడం జరిగి నాకు చోటిచ్చింది. ముందు వరసలో ఆ నవ్వు వినిపించినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి అటు చూసి, ఒకేసారి తల తిప్పుకున్నాం. డబ్బాలో ఏముందని అడిగాను. లెక్కల మేడంకు ఇష్టమని జొన్నరొట్టెలు తెచ్చానంది. మూత తీయించి ఒకటి తీసుకున్నాను. పచ్చడి కారం కళ్ళలోకి ఎక్కింది.

ఆ పిల్ల నా వైపు చూసింది. గొంతు తగ్గించి, మొదటిసారి నన్ను ఆ వరసతో పిలిచింది.

"అక్కా, పోయినేడు నేనొచ్చినప్పుడు మీకు గిట్లనే అయ్యిందా?"

"అయ్యిందా అంటవేంది," అన్నాను, ముందు వరస వైపు చూస్తూ. "ఇంకా అయితనే ఉంది."